ఒకే ఇంటి పిల్లలు, ఒకే వయసు. మా చెల్లెలి పాప ఎందుకు ఎదగట్లేదు?

ఆదోని_కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. నేను పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులోనే, ఒక గోడౌన్‌లో బిల్లింగ్ పని. నా కొడుక్కీ, మా చెల్లెలి రెండో బిడ్డకూ వయసులో పది రోజులే తేడా. ఇద్దరూ ఏప్రిల్‌లోనే పుట్టారు, ఇప్పుడు రెండున్నర ఏళ్లు. మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే పాప తల మావాడి కనుబొమ్మల దగ్గరికే వచ్చింది.

మావాడు 90 సెంటీమీటర్లు. పాపను అంగన్‌వాడీలో కొలిస్తే 82 వచ్చింది. వయసుకు తగ్గ ఎత్తు లేదని కార్డులో రాసిచ్చారు. విచిత్రం ఏంటంటే, ఎత్తుకు తగ్గ బరువు మాత్రం ఉందట. చూడ్డానికి బక్కగా కూడా లేదు, బుగ్గలు ఉన్నాయి, ఆడుకుంటుంది, గలగలా మాట్లాడుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ పట్టలేదు. "మన వంశమే పొట్టి, మీ నాయన ఎంత ఉండె?" అంటుంది మాయమ్మ. బావనడిగితే "ఆడపిల్లకు ఎత్తెందుకు బామ్మర్దీ, మొగుణ్ణి వెతకలేక చావాల" అని నవ్వేశాడు. ఊళ్లో ఆ వయసు పిల్లలు చాలామంది అంతే ఉన్నారు కాబట్టి పాప ఎవరి కంటికీ పొట్టిగా ఆనట్లేదు. పక్కన మావాడు నిలబడ్డాడు కాబట్టి నాకు తెలిసింది, లేకపోతే నేనూ గమనించేవాణ్ణి కాదు.

నాకు అర్థం కానిది ఇదే. తాతముత్తాతలు ఒకరే. రేషన్ బియ్యం వస్తాయి, ఇంట్లో ఒక పూట పస్తులున్నది లేదు. చెల్లెలికి పాలు బాగానే పడ్డాయి. ఏటా సంక్రాంతి దాటాక చెల్లెలూ బావా సుగ్గికి, అదే మిరప కోతలకు, గుంటూరు వైపు పోతారు, పిల్లల్ని కూడా తీసుకుపోతారు, ఉగాదికి తిరిగొస్తారు. మిగతా ఏడాదంతా ఊళ్లోనే. మరి తేడా ఎక్కడ వచ్చినట్టు? రక్తంలోనా, తిండిలోనా, ఆ ఊళ్లోనే ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కూల్_డాడ్_హైదరాబాద్:

బ్రో, హైట్ అంతా జీన్సే. మా బాబాయ్ కొడుకు టెన్త్ దాకా బెంచీలో మొదటి వరసే, ఇప్పుడు ఆరడుగులు. ఆడుకుంటుంది, మాట్లాడుతుంది అంటున్నావుగా, టెన్షన్ ఎందుకు? ఆ విదేశీ చార్టులు మన పిల్లలకు పనికిరావు. అక్కడి పిల్లలతో పోలిస్తే మనవాళ్లు అందరూ పొట్టే.

పడమటి_టీచరమ్మ:

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పోస్టు చివర్లో ఒక ముక్క వేసి వదిలేశారు, సుగ్గి అని. నా లెక్కన అసలు సంగతంతా అక్కడే ఉంది. కానీ ముందు కొలత మాట్లాడుకుందాం, ఎందుకంటే సగం గొడవలు అక్కడే వస్తాయి.

రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, దాటితే నిలబెట్టి. పడుకోబెట్టిన కొలత కంటే నిలబెట్టినది ముప్పావు సెంటీమీటరు దాకా తక్కువ వస్తుంది. ఆడపిల్ల అయితే నడినెత్తిన పిలక కట్టి ఉంటారు, అది విప్పాలి. విప్పితే ఏడుస్తుంది. మడమలు, పిర్రలు, భుజాలు, తల వెనక భాగం పలకకు ఆనాలి. పాప మునివేళ్ల మీద లేస్తుంది, ఆయా మోకాళ్లు పట్టుకోవాలి, నేను గడ్డం పట్టుకుని చూపు నేరుగా ఉంచాలి. ఇదంతా చేసి కొలిచి ఉంటే 82 అనేది నమ్మాల్సిన అంకె. రెండున్నర ఏళ్ల ఆడపిల్ల సగటున 90 దాటి ఉండాలి. 83న్నర కంటే తగ్గితే వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు. 80కి దిగితే తీవ్రం. మీ పాప మొదటి గీత కింద ఉంది, రెండో గీత పైన ఉంది.

ఇప్పుడు సుగ్గి. చదివేవాళ్లకు తెలియకపోతే చెప్తున్నా, మా వైపు కోతల కోసం వలస పోవడాన్ని సుగ్గికి పోవడం అంటాం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఎటు చూసినా ఇదే. తుంగభద్ర పారే జిల్లానే, కానీ చాలా చేలకు వాన తప్ప దిక్కులేదు. పత్తి తీతలు అయిపోతూనే ఊళ్లో పని ఉండదు. అప్పుడు లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు వస్తాయి. ఉపాధి పనిలో వచ్చేదానికంటే మిరప కోతలో ఎక్కువే మిగులుతుంది, అదీ ఒకేసారి చేతికొస్తుంది. కాబట్టి పోవద్దని నేను ఏ తల్లికీ చెప్పను, చెప్పినా వినరు. వినాల్సిన పనీ లేదు, అప్పు నేను తీర్చనుగా.

మీరు రాసినదాన్ని బట్టి నెలలు లెక్కేశా. పాప ఏప్రిల్‌లో పుట్టింది. అంటే ఆ ఏడు సుగ్గి సమయానికి మీ చెల్లెలికి ఆరో నెల నుంచి ఎనిమిదో నెల దాకా. కడుపులో బిడ్డ బరువు పట్టేది అప్పుడే. మరుసటి సుగ్గికి పాపకు తొమ్మిదో నెల, తల్లిపాలు ఒక్కటే సరిపోని వయసు. ఆ పై సుగ్గికి ఇరవై ఒకటో నెల. కడుపున పడ్డప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా వెయ్యి రోజులంటాం కదా, ఆ వెయ్యిలో మూడు సుగ్గిలు పడ్డాయి. ఇంకో నెలలో పుట్టి ఉంటే రెండే పడేవేమో.

బిడ్డ మొదటి ఏడాదిలో 25 సెంటీమీటర్లు పెరగాలి, రెండో ఏడాదిలో 12. ఆ జోరు జన్మలో మళ్లీ రాదు. మూడు నెలలు ఆగిపోతే మూడో నాలుగో సెంటీమీటర్లు పోతాయి, తర్వాత మామూలుగా పెరిగినా ఆ వెనకబాటు అలాగే ఉండిపోతుంది. అందుకే మీ పాప బక్కగా లేదు. బరువు తగ్గితే రెండు నెలలు తిని పుంజుకోవచ్చు, ఎత్తు అలా కాదు. బుగ్గలు చూసి మోసపోయేది ఇక్కడే.

మిరప చేల దగ్గర బతుకు ఎట్లుంటుందో మీ చెల్లెల్ని అడగండి. గట్టు మీద పట్టాల డేరా. తెల్లవారుజామున లేచి రోజంతటికీ బువ్వ, చారు వండేసి చీకటితోనే చేలోకి దిగుతారు. కూలి కోసిన కాయను బట్టి, గంటను బట్టి కాదు. చెట్టుకు చీర ఉయ్యాల, దానికి కాపలా ఎనిమిదేళ్ల అక్క. అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. మిరపకాయ కోసిన చేత్తో బిడ్డ నోట్లో ముద్ద పెట్టలేరు. సబ్బుతో కడిగినా, మట్టితో రుద్దినా ఆ మంట పోదు. ఒక తల్లి అలా కడుక్కునే పెడితే బిడ్డ మూతంతా ఎర్రబడి రాత్రంతా ఏడ్చిందని నాతో చెప్పింది. పాలిచ్చేముందు రొమ్ము తాకాలన్నా భయమే. కాబట్టి తొమ్మిది నెలల బిడ్డకు పగలు అన్నం పెట్టేది ఆ ఎనిమిదేళ్ల పిల్ల. అది ఏం పెడుతుంది? చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు. ఆ వయసు కడుపు గుప్పెడంత. రోజుకు మూడు నాలుగు సార్లు చిక్కటి తిండి పడాలి. చారు పోసిన బువ్వతో కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టేది పడదు. పైగా నీళ్లు చేల బోరువో కాలువవో, నెలలో ఒకసారైనా విరేచనాలు పట్టుకుంటాయి. రోగం వచ్చిన వారం ఎదుగుదల ఉండదు, తగ్గాక తినే తిండి దాన్ని పూడ్చాలి, అదీ లేదు.

ఇక్కడ మా సెంటర్‌లో పాప పేరు మీద బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు, పాలు వస్తూనే ఉంటాయి. పాప గుంటూరులో ఉంటుంది. పోయిన చోట అంగన్‌వాడీలో తీసుకోవచ్చని రూల్ ఉంది, ఫోన్లో మార్చడానికి వీలూ ఉంది. చేను ఊరికి ఎంతో దూరం, పని మానుకుని ఎవరు పోతారు? పోయినా అక్కడి టీచర్ తన పిల్లల లెక్కకే సరుకు తెచ్చుకుని ఉంటుంది. బిడ్డను అవ్వ దగ్గర వదిలి పోతే ఇంకో తంటా. ఇప్పుడు ఫోన్లో తల్లి ముఖం పడితేనే సరుకు ఇచ్చినట్టు నమోదవుతుంది. తల్లి సుగ్గిలో, అవ్వ గడపలో. అవ్వ నన్ను తిడుతుంది. నేను ఎవర్ని తిట్టాలి? సెక్టార్ మీటింగ్‌లో చెప్తే "మీ సెంటర్‌లో ఇంకా ఇంతమంది తక్కువ ఎత్తులో ఉన్నారేంటి" అని తిరిగి నన్నే అడుగుతారు.

మీ కొడుకు బెంగళూరులో ఏమంత రాజభోగం తిన్నాడు చెప్పండి. మీ ఆవిడ ఇంటిపట్టున ఉండి రోజుకు నాలుగు సార్లు కూర్చోబెట్టి తినిపించి ఉంటుంది, గుడ్డో పాలో పడి ఉంటుంది. రక్తం ఒకటే, తినిపించే మనిషికి తీరిక ఉందా లేదా అన్నదే ఆ ఎనిమిది సెంటీమీటర్లు.

పోషణ_విద్యార్థి:

హైదరాబాదులో పోషకాహారం చదువుతున్నాను. పైన జీన్స్ అన్నాయన కోసం ఒక మాట. ఆ చార్టు విదేశీ చార్టు కాదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలకు ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు: బ్రెజిల్, ఘనా, ఒమన్, నార్వే, అమెరికా, మన దేశం. మన వైపు నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రమైన ఇల్లు ఉన్న కుటుంబాలనే తీసుకున్నారు. ఐదేళ్ల లోపు ఆ ఆరు చోట్ల పిల్లలు దాదాపు ఒకేలా పెరిగారు. ఒక్కొక్క బిడ్డ విషయంలో అమ్మానాన్నల ఎత్తు పనిచేస్తుంది, నిజమే. ఊళ్లో సగం మంది ఒకేలా తగ్గితే మాత్రం అది వంశం కాదు.

అంకెలు కావాలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశంలో 35.5 శాతం. అంతకుముందు 2015-16లో 38.4. ఆంధ్రప్రదేశ్ 31.4 నుంచి 31.2కి వచ్చింది, అంటే కదల్లేదు. తెలంగాణ 28 నుంచి 33కి పెరిగింది. మేఘాలయ 46.5తో అందరికంటే పైన. మనం మెచ్చుకునే కేరళ కూడా 19.7 నుంచి 23.4కి పెరిగింది. దేశమంతా కలిపి చూస్తే అట్టడుగు ఐదో వంతు కుటుంబాల్లో 46 శాతం, పై ఐదో వంతులో 23 శాతం. ఈ రెండో అంకె దగ్గర ఆగండి. బాగా ఉన్న ఇళ్లలో కూడా నలుగురు ఐదుగురిలో ఒకరు! డబ్బు ఉంటే చాలదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో కావాల్సినంత, కావాల్సిన రకాలు తింటున్నది దేశం మొత్తంలో 11 శాతమే.

నీళ్లు, మరుగుదొడ్ల గురించి చాలామంది చెప్తారు. టీచర్ గారు చెప్పిన విరేచనాల మాట నిజమే. కానీ బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో పల్లెల్లో మరుగుదొడ్లు కట్టి, చేతులు కడిగించి పెద్ద పరీక్షలు చేశారు. వాటి వల్ల పిల్లల ఎత్తు పెరగలేదు. అదనపు తిండి ఇచ్చిన చోట కాస్త పెరిగింది, అదీ కొద్దిగానే. మరుగుదొడ్డి కట్టడం వృథా అని అర్థం కాదు, ఆ మాత్రం శుభ్రంతోనే ఎత్తు పెరగదని.

ఇంకోటి. మీ పాప రెండో బిడ్డ అన్నారు, ఆడపిల్ల. మొదటిది కూడా ఆడపిల్లేనా? మన దేశంలో మొదటి బిడ్డ ఎత్తు ఆఫ్రికా పిల్లలతో పోలిస్తే ఏమీ తీసిపోదు, తర్వాత పుట్టినవాళ్ల దగ్గర వెనకబాటు మొదలవుతుందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. పెద్దకొడుకు మీద మోజే దానికి కారణమని తేల్చారు.

గట్టు_మండలం:

జోగులాంబ గద్వాల నుంచి. టీచర్ గారి మాటతో నాకు పూర్తిగా కుదరట్లేదు. మా దగ్గర కూడా ఒకప్పుడు పాలమూరు వలస అంటే లోకానికంతా తెలుసు. ఇప్పుడు జూరాల, నెట్టెంపాడు నీళ్లు కొంత వచ్చాయి, చాలామంది ఊళ్లోనే ఉంటున్నారు. పిల్లలు మాత్రం అంతే ఉన్నారు. వలస పోకపోయినా పొట్టివాళ్లే ఉంటే సుగ్గిని ఒక్కదాన్నే ఎట్లా అంటాం?

మా దగ్గర సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి, ఎక్కువ. ఆడ పువ్వుకు మగ పువ్వు రుద్దే క్రాసింగ్ పని ఉంటుంది, పొద్దున్నే మొదలవుతుంది, చిన్న వేళ్లు కావాలంటారు. ఆ సీజన్‌లో ఆడపిల్లలు బడి మానేస్తారు. మానినవాళ్లు తిరిగి సరిగ్గా పోరు, పోకపోతే పదహారుకే పెళ్లి. తన ఎత్తే ఇంకా పూర్తి కాని పిల్లకు కడుపు. తిన్నది తల్లికా, బిడ్డకా? బిడ్డ పుట్టడమే రెండు కిలోల చిల్లర. అక్కడి నుంచి నువ్వు రోజూ గుడ్డు పెట్టినా గీత అందుకోవడం కష్టం. మా ఇంటి పక్క అమ్మాయి ఇరవై రెండేళ్లకే ముగ్గుర్ని కని ఆపరేషన్ చేయించుకుంది. మధ్య మధ్య ఎడమే లేదు. మూడోవాడు నాలుగేళ్లొచ్చినా పెద్దోడి రెండేళ్లప్పటి చొక్కా తొడుక్కుంటాడు.

ఆంధ్రలో కూడా ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్తోంది. అన్నా, మీ చెల్లెలి పెళ్లి ఎన్నో ఏట చేశారో అడుగుతున్నానని ఏమీ అనుకోకు.

పడమటి_టీచరమ్మ:

గద్వాల తమ్ముడూ, మనమిద్దరం చెప్పేది ఒకే పిల్ల గురించి. నీ దగ్గర క్రాసింగ్‌కు పోయినట్టే నా దగ్గర పదిహేనేళ్ల పిల్ల అమ్మానాన్నలతో సుగ్గికి పోతుంది. డేరాల్లో ఎదిగిన పిల్లను పెట్టుకుని భయపడలేక పెళ్లి చేసేస్తారు. ఊళ్లో కాపలా ఉండే మనిషి లేదు, హాస్టల్‌లో సీటు దొరికితే ఒక పిల్లకే దొరుకుతుంది. నీళ్లొచ్చినా ఆ పెళ్లి వయసు మారకపోతే నువ్వు చెప్పినట్టే జరుగుతుంది, ఒప్పుకుంటా.

ఆదోని_కుర్రోడు:

అక్కా, మీ లెక్క చదివాక చెల్లెలికి ఫోన్ చేశా. ఆ ఏడు ఏడో నెలలో కూడా కాయ కోసిందట, నడుము పట్టేస్తే ఫిబ్రవరి ఆఖరుకు తిరిగొచ్చేసిందట. మాకెవరికీ గుర్తు కూడా లేదు. పెళ్లి పదిహేడో ఏట చేశాం. పెద్దది కూడా ఆడపిల్లే, సుగ్గిలో పాపను చూసుకునేది అదే. పెట్టేది బిస్కెట్లే అని చెల్లెలే చెప్పింది, మీరు రాసినట్టే.

ఇప్పుడేం చేయాలి? రెండేళ్లు దాటిపోయాయి కదా, ఇంక పెరగదా? నేను నెలకు కొంత డబ్బు పంపగలను.

పడమటి_టీచరమ్మ:

పెరుగుతుంది. పోయినదంతా తిరిగి రాదు, ఐదేళ్ల లోపు కొంత పూడుతుంది. ఉన్నది ఇంకా జారకుండా చూడ్డమే ఇప్పుడు పెద్ద పని. ఈ వయసులో ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్లు పెరగాలి. మూడు నెలలకోసారి కొలిపించు, రెండు సెంటీమీటర్లు కదిలిందా లేదా చూడు. వరసగా రెండుసార్లు కదలకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి, థైరాయిడ్ లాంటివి కూడా ఉంటాయి.

ముందు పీహెచ్‌సీలో రక్తం చూపించు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారు, పడిందో లేదో కనుక్కో. చాయ్ పూర్తిగా మాన్పించమను, తిన్న ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు. బాలామృతాన్ని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, పెద్దది కూడా చిన్నపిల్లే కాబట్టి నేనేమీ అనను, అందుకే నువ్వు పంపే డబ్బుతో గుడ్లు విడిగా కొనిపించు, ఇద్దరు పిల్లలకూ. అన్నంలో చారు కాదు, గట్టి పప్పు, పైన చెంచా నూనో నెయ్యో. వేరుశెనగ మన ఊళ్లో పండేదే, పొడి కొట్టి పెట్టుకుంటే రొట్టెలోకి, అన్నంలోకి వేయొచ్చు. హార్లిక్స్ డబ్బాలు, టానిక్కులు పంపొద్దు, ఆ డబ్బుకు ఎన్ని గుడ్లొస్తాయో లెక్కేసుకో.

అసలైనది చెప్తా. ఈసారి మీ చెల్లెల్ని ఊళ్లోనే ఉంచగలవా? బావ ఒక్కడే పోతే రెండు నెలల్లో ఆమె వాటా కూలి ఎంత పోతుందో, అది నువ్వు సర్దగలవా? నెలనెలా కొంచెం పంపే కంటే ఆ మొత్తం సంక్రాంతికి ముందే వాళ్ల చేతిలో పెడితే మేలు.

ఆదోని_కుర్రోడు:

సర్దగలను అక్కా, సగమైనా. బావ ఒప్పుకుంటాడో లేదో. జంటగా పోతేనే కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ పనిలో పెట్టుకుంటాడని అంటాడు.

పడమటి_టీచరమ్మ:

అవును, జంటకే పెడతారు. మీ బావ తమ్ముడో, ఎవరైనా ఒంటరి మనిషో ఉంటే వాళ్లిద్దరూ జంటగా పోవచ్చు, మా ఊళ్లో అట్లా పోయినవాళ్లు ఉన్నారు. అడ్వాన్సు తీసుకున్నారా లేదా అన్నది ముందు కనుక్కో. దీపావళి దాటాక మేస్త్రీలు ఇంటింటికీ వస్తారు. మీ చెల్లెలి పేరు మీద కూడా డబ్బు పట్టుకున్నాక నువ్వు సర్దిచ్చినా ఆమె పోవాల్సిందే. ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి.